మేం సంబంధం చూడ్డానికి రాలేదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు సరదాగా తిరిగి రావడానికి బయల్దేరేవాళ్లను నేనింతవరకు చూడలేదు. నేనూ సరదాగా బయల్దేరలేదు. డ్రైవరుగా వెళ్లాను. జీతం లేదు. యజమాని మా అక్క. మూడు రోజుల ఉద్యోగంలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లు వరసగా పేరిస్తే తెనాలి నుంచి కరీంనగర్ దాకా డబుల్ రోడ్డు పడుతుంది.

మాది తెనాలి. అక్కను కరీంనగర్ ఇచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆవిడ అక్కడ క్లినికల్ సైకాలజిస్టు. ఈ మాట అనగానే మా ఊళ్లో "పిచ్చి డాక్టరా?" అంటారు. మందులు రాసే డాక్టర్లు వేరే ఉన్నారు. అక్క మందు రాయదు, సూది వేయదు. మనిషికి ఎదురుగా కూర్చుని గంటల తరబడి వింటుంది. వినడానికి కూడా డబ్బిస్తారని తెలిసిన రోజున మా నాన్నగారికి అన్నం సయించలేదు. ఆయన మా అమ్మ మాటలు నలభై ఏళ్లు ఉచితంగా విన్నారు.

ఏప్రిల్ మొదట్లో చుట్టపుచూపుగా అక్క ఇంటికి వెళ్లాను. ఆ వారమే ఆవిడకు జగిత్యాల కోర్టు నుంచి ఒక పని వచ్చింది. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. ఎనిమిదేళ్ల కూతురు కోరుట్లలో తల్లి దగ్గర ఉంది. సిరిసిల్లలో ఉన్న తండ్రి ఆ పిల్లను తనకిప్పించమని అడిగాడు. తల్లికి మతి స్థిమితం లేదు, తనలో తాను మాట్లాడుకుంటుంది, మూడేళ్ల కింద ఆసుపత్రిలో కూడా పెట్టాం, ఇదిగో కాగితం అన్నాడు. ఆ తల్లి పిల్లను చూసుకోగల స్థితిలో ఉందో లేదో చూసి చెప్పమని జడ్జిగారు అక్కను అడిగారు. ఇరుపక్షాలతోనూ ఇరుగుపొరుగుతోనూ మాట్లాడి నివేదిక రాయాలి. అక్క డ్రైవరు సరిగ్గా అప్పుడే బావమరిది పెళ్లికి వెళ్లిపోయాడు. తాళంచెవి నా చేతికొచ్చింది.

తల్లిని సుజాత అంటాను, తండ్రిని రమేశ్ అంటాను. అవి వాళ్ల పేర్లు కావు. మిగతా పేర్లూ అంతే. కేసు తేలిపోయాక, సుజాత సరేనన్నాకే రాస్తున్నాను. రాసింది అక్క చదివి సగం కొట్టేసింది. కొట్టేసిన సగమే బాగుంటుంది, మీకు రాసిపెట్టి లేదు. తలుపు వేసిన గదుల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. నేను అరుగు మీది మనిషిని. ఇదంతా అరుగు మీద నుంచి చూసిన యాత్ర.

జగిత్యాల: టీ తాగని మనిషి

జగిత్యాలలో మామిడికాయల లారీలు రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉన్నాయి. ఆ కాయలన్నీ పండితే భూమి కాస్త పక్కకు ఒరుగుతుందనిపించింది. ఎండ సంగతి చెప్పను. కారు బానెట్ మీద నేను పెట్టిన కర్చీఫ్ ఇస్త్రీ అయిపోయింది.

కోర్టు క్యాంటీన్‌లో టీ పది రూపాయలు. గ్లాసు మా ఊరి గ్లాసులో సగం, చక్కెర రెండింతలు, కనుక లెక్క సరిపోయింది. అక్క కేసు గురించి నాకు చెప్పింది రెండే ముక్కలు. మిగతాది ఆ క్యాంటీన్‌లో తెలిసింది. రహస్యంగా ఉండాల్సిన విషయం బజ్జీలు వేసే అతనికి కూడా తెలుసు.

రమేశ్ తరఫు వకీలు నిండు మనిషి. చేతిలో టీ గ్లాసుతో వచ్చి అక్క ముందు పెట్టాడు.

"తాగుండ్రి మేడం. ఎండల వడి అచ్చిండ్రు."

"వద్దండీ. నాకు ఫ్లాస్కు ఉంది."

ఆయన వెళ్లగానే సుజాత తరఫు వకీలు చెరుకు రసం పట్టుకొచ్చింది. సన్నగా, చురుగ్గా ఉన్న అమ్మాయి.

"గిదన్న తాగుండ్రి మేడం. ఐస్ వెయ్యలే."

"వద్దమ్మా. నాకు ఫ్లాస్కు ఉంది."

ఒక పక్షం దగ్గర గుక్కెడు టీ తాగినా రేపు బోనులో నిలబెట్టి ఆ గుక్క గురించే అడుగుతారని అక్క భయం. ఆవిడ ఈ పనిలో దిగినప్పటి నుంచి కేసు ఊళ్లలో పచ్చి మంచినీళ్లు ముట్టదు. నా మీద అటువంటి నియమం లేదని, నేనసలు కేసులో మనిషినే కానని రూలు చదివి మరీ నిర్ధారించుకున్నాను. ఆ టీ, ఆ చెరుకు రసం రెండూ నేనే తాగాను. ఆ మూడు రోజులూ ఇద్దరి మర్యాదలూ ఒక్క కడుపులో మోశాను.

నిండు వకీలు మళ్లీ వచ్చాడు. "మేడం, గింత దానికి ఊర్లు తిరుగుడేంది? పిచ్చి ఉన్నదా లేదా, రెండు లైన్లు రాసిస్తే అయిపాయె."

"నన్నడిగింది ఆమెకు పిచ్చి ఉందా అని కాదండీ," అంది అక్క. "పిల్లను చూసుకోగలదా అని. జబ్బుండి కూడా పిల్లల్ని చక్కగా పెంచే తల్లులను చూశాను. ఏ జబ్బూ లేకుండా పెంచలేనివాళ్లనూ చూశాను."

"గట్లయితే ఇంకో కుర్చీ దెప్పిస్త," అని ఆయన నిట్టూర్చాడు. "మీరు తొందరగ తెగేటట్టు లేరు."

రాత్రి మెస్సులో జొన్నరొట్టె, నాటుకోడి కూర, నూట అరవై. ఆ కూరలో కారం గురించి నా నాలుక ఇంకా నాతో మాట్లాడటం లేదు. తింటూ అక్క తన పని కష్టాలు చెప్పింది. చూపించి అడిగే బొమ్మల కార్డులు ఎక్కడో చలిదేశంలో గీశారట. గోడలో చలిమంట గూడు, పక్కన కుర్చీ, కుర్చీలో పెద్దాయన. ఇక్కడివాళ్లకు చూపిస్తే ఇటుక బట్టీ, పక్కన మేస్త్రీ అంటారు. పుస్తకం ప్రకారం అది వింత జవాబు. ఈ ఎండలో మరి ఏమంటారు.

కోరుట్ల: నాకు కుదిరిన పెళ్లి

కోరుట్ల దారంతా పసుపు ఉడికిన వాసన. కళ్లాల్లో ఆరబోసిన పసుపు కొమ్ములు చూస్తే ఆ పక్క ఊళ్లన్నిటికీ ఒకేసారి పెళ్లి కుదిరినట్టుంది. ఈ మాట ఊరికే అన్నాను. గంటలో నాకే కుదురుతుందని తెలియదు.

సుజాత ఉండేది తల్లిగారింట్లో. సందులో ప్రతి గడపలోనూ ఒక ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాటలో తునికాకు, తంబాకు. కళ్లు మనవైపు ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మా ఇంట్లో నేను చూస్తూ కూడా చొక్కా బొత్తం సరిగ్గా పెట్టుకోలేను.

కోర్టు గొడవ వీధిలో టాంటాం కాకూడదని అక్క తన ఉద్యోగం చెప్పలేదు. "సుజాత గురించి నాలుగు మాటలు అడగాలమ్మా, తర్వాత మీతోనూ మాట్లాడతాను," అని మాత్రం చుట్టుపక్కల వాళ్లతో అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నన్ను ఎదురింటి అరుగు మీద వదిలింది. ఆ అరుగు పోశవ్వది. అరవై దాటిన మనిషి, నల్లగా, గట్టిగా, చెవులకు బరువైన గంటీలు. నన్ను కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఆమె నీకేమైతది కొడుకా?"

"మా అక్కండి."

"అక్కనే తీస్కొని అచ్చినవ్. మంచి పని. పిల్లలెంతమంది?"

"ఇద్దరు. ఉద్యోగాల్లో ఉన్నారు."

"ఇగ నీకు ఫికరేంది. ఇల్లు సొంతందేనా?"

"సొంతమే."

"షుగరు?"

"కొంచెం."

"గా కొంచెం అందరికుంటది." ఆమె పక్కింటి వైపు తిరిగి, "షుగరు కొంచెమేనట," అని ప్రకటించింది. పక్కింటామె కిటికీలోంచి తల ఊపింది.

ఇక్కడివాళ్లు కొత్తవారి మీద ఇంత శ్రద్ధ చూపిస్తారా అని నాకు కళ్లు చెమర్చాయి. పోశవ్వ లోపలికి పోయి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకే అతికించి కాల్చిన రొట్టె. మా వైపు దిబ్బరొట్టె ఉంది గాని దీని ముందు అది బడికి కొత్తగా చేరిన పిల్ల. వెనకాలే బొబ్బర్ల గుడాలు, మా వైపు గుగ్గిళ్లు, వచ్చాయి. ఆ వెనక ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఏ పనీ లేకుండా నిలబడి నన్ను చూసి వెళ్లారు.

"వెంట్రుకలు లేవు గని మొఖం మంచిగుంది," అంది వాళ్లలో ఒకామె, నేను అక్కడ లేనట్టు.

మధ్యాహ్నం అక్క బయటికొచ్చి ఒక్కో ఇంటికీ వెళ్లి అడిగింది. సుజాత ఎలా ఉంటుంది, నిద్ర పోతుందా, పిల్లను ఎలా చూసుకుంటుంది, ఎప్పుడైనా ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రిలో ఉందా? ఆ మాటలు సందు దాటి ఇవతలికి వినపడుతూనే ఉన్నాయి.

"బంగారమసొంటి పిల్ల మేడం."

"దవాఖాన మొఖం సూడలే. జలుబు సుత కాదు."

"నోట్లె నాలుక లేదు ఆమెకు. కూర వండితే సందంత వాసన."

ఏ ఇంట్లో అడిగినా ఇదే. సాయంత్రం నాలుగింటికి సుజాతకు ఆ సందులో గుడి కట్టడం ఒక్కటే తక్కువ. అక్క మొహం మాత్రం చిన్నబోతూ వచ్చింది. ఆసుపత్రి కాగితం ఆవిడ దగ్గర ఉంది మరి.

అప్పుడు పోశవ్వ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "గుళ్లె చేస్తరా కొడుకా, ఫంక్షన్ హాల్లనా?"

"ఏం చేయడమండీ?"

"లగ్గం."

"ఎవరిది?"

"నీదే గదా."

సర్వపిండి ముక్క నా గొంతులో అడ్డం తిరిగింది. పోశవ్వ వీపు మీద చరిచింది. తునికాకు కట్టలు మోసిన చెయ్యి అది, ఇప్పటికీ దగ్గితే ఆ చోట నొప్పి.

"నాకు భార్య ఉందమ్మా," అన్నాను ఊపిరి తిరిగాక.

"ఏడున్నది?"

"తెనాలిలో."

"మరి ఆమె ఒప్పుకున్నదా?"

సంగతి అప్పుడు తెలిసింది. కారులో ఒక పెద్దామె దిగింది. వెంట తోడుగా నడివయసు మగాడు. మొగుడికి దూరంగా ఉన్న పిల్ల గుణగణాలు ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది. రెండో పెళ్లి సంబంధం కాక ఇంకేమవుతుంది? మా తెనాలిలో సంబంధం వాకబుకు వస్తే ఇరుగుపొరుగుకు పండగ. పిల్ల చిన్నప్పుడు పెన్సిలు దొంగిలించిన సంగతి దగ్గర నుంచి వడ్డించి పంపిస్తారు. ఈ సందులో అలా కాదు. "ఆడిపిల్ల బతుకు నిలవడే కాడ వంక జెప్తే మన నోరు పురుగులు పడి పోతది," అంది పోశవ్వ. అందుకని పొద్దున మా కారు ఆగగానే సందంతా ఒక మాట మీదకు వచ్చింది. చెడ్డ మాట ఒక్కటీ దొర్లకూడదు.

కారులో ఇది చెప్తే అక్క నవ్వలేదు. "ఇవాళ విన్నదంతా వృథా," అంది. "ఇది పట్టుకుని నేను రాస్తే, రేపు ఆ వకీలు ఆసుపత్రి కాగితం తీసి వీళ్లలో ఒకరిని బోనెక్కిస్తాడు. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా మంచంతా పోతుంది. దాంతో పిల్ల కూడా పోతుంది రా."

రాత్రి మా ఆవిడకు ఫోన్ చేసి నా పెళ్లి కబురు చెప్పాను. "అమ్మాయి బీడీలు చుడుతుందా? అయితే ఇల్లు గడుస్తుంది. చేసుకోండి," అని పెట్టేసింది.

కోరుట్ల, మర్నాడు: ఉన్నది ఉన్నట్టు

మళ్లీ అదే సందు. ఈసారి అక్క ముందుగా సుజాతతో మాట్లాడింది. మేమెవరో వీధికి చెప్పాలా వద్దా అన్నది సుజాత ఇష్టం. చెప్తే కోర్టు గొడవ అందరికీ తెలుస్తుంది. చెప్పకపోతే నిన్నటి పొగడ్తలే మిగులుతాయి.

నేను అరుగు మీద కూర్చున్నాను. బడి యూనిఫాంలో ఒక పిల్ల వచ్చి నా ముందు నిలబడింది. రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడింది.

"నన్ను సిరిసిల్లకు తీస్కపోనీకి అచ్చిండ్రా?"

"లేదమ్మా. నేను డ్రైవర్ని."

"మరి తీస్కపోయేది ఎవరు?"

యాభై ఏళ్లుగా దేనికైనా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న నోరు ఇది. రిబ్బను కడతానని మాట తప్పించబోయాను. కట్టడం రాలేదు. ఆ పిల్లే కట్టుకుని బడికి పోయింది.

సుజాత గడపలోకి వచ్చింది. నేనామెను సరిగ్గా చూడటం అప్పుడే. బక్కపలచని మనిషి, వేళ్ల చివర్లు తంబాకు రంగు. సందుకంతటికీ వినపడేలా చెప్పింది.

"పోశత్తా, వీళ్లు సంబంధానికి అచ్చినోళ్లు గారు. కోర్టోళ్లు పంపిన మేడం. పిల్ల నా దగ్గరుండాల్నా, వాళ్ల నాయిన దగ్గరుండాల్నా అని సూడనీకి అచ్చిండ్రు. నా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

చాటలన్నీ ఆగిపోయాయి. నిన్న తల ఊపిన పక్కింటామె కిటికీ మూసుకుంది.

"మా నోటితోని మా పిల్లనే బద్నాం చెయ్యాల్నా?" అంది పోశవ్వ.

"చెయ్యి అత్తా. గప్పుడు నేను ఎట్లున్ననో చెప్పకుంటే, ఇప్పుడు ఎట్లున్ననో ఎవలు నమ్ముతరు?"

పోశవ్వ ఒళ్లో తంబాకు దులుపుకుని లేచింది. అక్కతో లోపలికి వెళ్లింది. అక్క తలుపు వేసి, చెప్పింది ఎక్కడికి పోతుందో, ఎవరు చదువుతారో ముందుగా వివరించి, చాలాసేపు మాట్లాడింది. గోప్యం కోసం అంత జాగ్రత్త పడ్డాక పోశవ్వ నేరుగా నా దగ్గరికొచ్చి మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

మూడేళ్ల కింద సుజాతను సిరిసిల్ల నుంచి ఆటోలో తెచ్చి దింపారు. మనిషి మనిషిలా లేదు. గోడకు తలకాయ కొట్టుకునేది, నిద్ర లేదు. పోశవ్వ ఆ గడపలో చాప వేసుకుని కాపలా పడుకుంది. "రెండు నెలలకు తేరుకున్నది. గప్పటి సంది ఒక్కనాడు గట్ల కాలే. పిల్లకు తలదువ్వి బడికి తోలి, పనికి కూసుంటది. నేను ఒట్టు పెట్టుమన్న పెడ్త." గట్ల ఎందుకైంది అని అడిగాను. "అయింది ఆడ. ఏమో, నేను సూసిన్నా కొడుకా? సుజాత ఒకటి చెప్తది, ఆళ్లు ఒకటి చెప్తరు. ఆడున్నోళ్లే చెప్పాలె."

మేం బయల్దేరుతుంటే కొంగుతో నోరు తుడుచుకుంటూ, "సంబంధం కాకపాయె. మనిషివి మంచోనివే," అని నన్ను ఓదార్చింది.

సిరిసిల్ల: సాంచాల సందు

ఆ మధ్యాహ్నమే సిరిసిల్ల చేరాం. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఊళ్లోకి వెళ్లక ముందే వాటి చప్పుడు కారు అద్దాలకు తెలుస్తుంది. రమేశ్ ఉండే సందులో దిగాక నా చెవులు రాజీనామా చేశాయి. రైలు బండి ఇంట్లో కాపురం పెడితే ఎలా ఉంటుందో అది. ఆ చప్పుడులో ఎవరూ ఎవరికీ వినపడరు, ఎవరూ మాట్లాడటం మానరు. షెడ్డులో సాంచాల మధ్య నిలబడ్డ మనిషి పెదవులు కదులుతున్నాయి. పాడుకుంటున్నాడో, లెక్క పెట్టుకుంటున్నాడో, యజమానిని తిట్టుకుంటున్నాడో దేవుడికే తెలియాలి. ఎదురు ఇంట్లో ముసలాయన పెదవులూ అంతే. అక్క ఆగి, ఆ సందునంతా తీరిగ్గా చూసింది. సుజాత తనలో తాను మాట్లాడుకుంటుందన్న ఫిర్యాదు పుట్టింది ఈ సందులోనే. ఆ లెక్కన ఇక్కడ ఎవరిని వదిలిపెట్టాలో నాకు తెలియలేదు.

రమేశ్ దుర్మార్గుడిలా ఉంటే నాకు రాయడం సులువయ్యేది. సన్నటి మనిషి, చొక్కాకు నూలు పీచు. నడవలో పిల్లల సైకిలు ఒకటి ఉంది, సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు. "బిడ్డకు తెచ్చిన," అని అరిచి చెప్పాడు. వెనక షెడ్డులో తన నాలుగు సాంచాలు పనివాడు నడుపుతున్నాడు. కాసేపు ఆపమని అక్క సైగ చేసింది. గుత్తకు తీసుకున్న బట్ట, ఆపితే కుదరదని అతను సైగ చేశాడు. ఇద్దరూ ముందు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

నన్ను రమేశ్ తల్లి రాజవ్వకు అప్పగించారు. ఆమె వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. మధ్యలో లేచి అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేప పెట్టింది. మా వైపు పచ్చిపులుసులో బెల్లం కాస్త చేయి జారుతుంది. ఇక్కడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారంగా ధైర్యంగా ఉంది. బాగుందని చేత్తో చూపించాను. మేమెవరమో ఆమెకు ముందే తెలుసు. ఇక్కడ అక్క మొదటి మాటగా అది చెప్పింది, నాకు మరో పెళ్లి కుదరకుండా.

రాజవ్వ పీట నా చెవి దగ్గరికి జరుపుకుని అరిచింది.

"పిల్ల మంచిగున్నదా? నా మనుమరాలు?"

"బాగుంది. బడికి వెళ్తోంది," అని నేనూ అరిచాను.

"సుజాత?"

"బాగానే ఉంది."

ఆమె కండె మార్చింది. తలుపు వైపు చూసింది. తలుపు మూసి ఉంది. వెనక నాలుగు సాంచాలు, పక్కింట్లో ఎనిమిది, సందులో లెక్కలేనన్ని. ఆ ధైర్యంతో మొదలుపెట్టింది. మా చుట్టూ అంత చప్పుడుంటే రాజ్యాలు కూల్చే రహస్యాలైనా చెప్పుకోవచ్చు.

కోరుట్లలో సుజాత తండ్రి తాళ్లెక్కేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఇంట్లో అందరూ అన్నంతో పాటు కల్లు తాగడం అలవాటు. ఆయన మోకాళ్లు పోయి చెట్టెక్కడం మానాక, ఇంటికి దుకాణం కల్లు రావడం మొదలైంది. అందులో నిద్రమాత్రల మందు కలిపేవారు. అది కల్లనే అనుకుని తాగారు. మూడేళ్ల కింద సుజాత పుట్టింట్లో నాలుగు నెలలుండి తిరిగొచ్చింది. ఇక్కడ రమేశ్ కల్లు ముట్టొద్దన్నాడు. ఒక్కసారిగా బంద్.

"మూడొద్దులకు ఒళ్లంత వణుకుడు. నూలు పోగులల్ల పాములు కనవడుతున్నయని సాంచ మీద వడ్డది," అని అరిచింది రాజవ్వ. "దవాఖానల డాక్టరు అడిగిండు, ఏమన్న అలవాటున్నదా అని. నా కొడుకు సిగ్గువడి లేదన్నడు. గందుకే కాయితంల గట్ల రాసిండ్రు."

"ఇది లోపల మేడంతో చెప్పకూడదా?"

"వాడు ఇంటడు గదనయ్యా. వాని తిండి తింటున్న. బిడ్డ కోసం వాడు సైకిల్ దెచ్చుకున్నడు," అని, ఇంకా గొంతు పెంచి, "గని సుజాతకు పిచ్చి లేకుండె, కల్లు బందువెట్టినందుకు గట్లయింది—"

కరెంటు పోయింది.

సందులో సాంచాలన్నీ ఒక్క క్షణంలో ఆగిపోయాయి. రాజవ్వ గొంతు మాత్రం ఆగలేదు, అంత వేగంలో ఎలా ఆగుతుంది.

"—నా కొడుకు దాచిండు, పిల్ల తల్లి దగ్గర్నే ఉండాలె."

"నా కొడుకు దాచిండు" నుంచి ఆ చివరి మాట దాకా, సందు ఈ చివర నుంచి ఆ చివరకు గంట కొట్టినట్టు వినపడింది. ఎదురింటి ముసలాయన పెదవులు కదలడం మానేశాయి. నా చేతిలో పచ్చిపులుసు గిన్నె అలాగే ఉంది.

ముందు గది తలుపు తెరుచుకుంది. గడపలో అక్క, ఆమె వెనక రమేశ్. అక్క రాజవ్వ దగ్గరికొచ్చి కింద కూర్చుంది.

"అమ్మా, ఈ మాట నాతో చెప్తారా? మీకిష్టమైతేనే. చెప్తే నేను రాస్తాను, కోర్టులో చదువుతారు, మీ అబ్బాయీ చదువుతాడు. వద్దనుకుంటే నేను వినలేదు."

రాజవ్వ కొడుకు వైపు చూసింది. అతను గోడకున్న స్విచ్చుల బోర్డు వైపు చూస్తున్నాడు. ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి లేచి అక్కతో లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

కోర్టులో ఏం తేలిందో ఇక్కడే చెప్పేస్తాను. అక్క నివేదికలో ఏం రాసిందో నాకు చెప్పలేదు. దారిలో అడిగితే రోడ్డు చూడమంది. వానాకాలం మొదలయ్యాక తీర్పు వచ్చింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలి, శనాదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లాలి. రమేశ్ పైకోర్టుకు పోలేదు. తర్వాత సుజాత అక్కకు ఫోన్ చేసి, ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్ర పట్టదని, ఇక నుంచి మీ దగ్గరికే వస్తానని అడిగింది. కోర్టు కోసం పరీక్షించిన మనిషికి తను వైద్యం చేయకూడదని అక్క చెప్పి, నమ్మకమైన మరొకరి పేరిచ్చింది. "నా మాట గిట్ల కూసొని విన్నది మీరే గద మేడం," అందట సుజాత. అక్క ఆ పూట కాఫీ చల్లారబెట్టుకుంది.

ఆ రోజు వాకిట్లో నేను, రమేశ్ మిగిలాం. అతను తల్లి వదిలిన పీట మీద కూర్చున్నాడు. నాకు హాస్యం రాయడం వచ్చు, అటువంటప్పుడు మాట్లాడటం రాదు. అన్నం బాగుందని చెప్పాను. అతను తలూపాడు.

చాలాసేపటికి రాజవ్వ బయటికొచ్చింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవాల్సినట్టుగా లేవు కూడా. రాట్నం దగ్గరికి పోయి తెగిన పోగు వెతుక్కుంటోంది.

"ముందుగాల్నే నాకు చెప్పొచ్చు గదనే అవ్వా," అన్నాడు రమేశ్. కోపంగా అనలేదు.

ఆమె పోగు ముడేసింది. "సాంచ బందువెట్టి ఎప్పుడన్న నా మాట ఇన్నవా కొడుకా?"

కరెంటు వచ్చింది. పక్కింటి సాంచాలు మొదలయ్యాయి, ఎదురింటివి మొదలయ్యాయి, సందంతా మళ్లీ ఊగింది. వెనక షెడ్డులోంచి పనివాడు తల బయటపెట్టి, వేయమంటావా అని చేత్తో అడిగాడు. రమేశ్ వద్దని చెయ్యి ఊపి, పీట తల్లి దగ్గరికి జరుపుకున్నాడు.